మూత్రపిండ మార్పిడి తరువాతి జీవితము

ఉప్పునుంతలలో మూత్రపిండ మార్పిడి చేయించుకొన్నవారు ఒకరున్నారనుకొందము. రక్తపరీక్షకు హైదరాబాదు పోవలసిననాడు వారు చీకటితోనే బస్సెక్కుదురు. ఉదయపు మాత్ర మ్రింగరు, వెంట తీసికొనిపోవుదురు. మరచి మ్రింగిరా, ఆ ప్రయాణము వ్యర్థమే. రాత్రి వేసికొన్న మందు తెల్లవారునప్పటికి రక్తములో ఎంత మిగిలినదో చూచుటకే ఆ పరీక్ష. అది తక్కువైనచో శరీరము కొత్త అవయవమును పరాయిదని త్రోసివేయును. ఎక్కువైనచో ఆ మందే మూత్రపిండమును చెరచును.

1954లో బోస్టన్ నగరమున ఒకే పోలికగల కవలల మధ్య మార్పిడి జరిగినప్పుడు ఈ చిక్కు లేకపోయెను. తక్కినవారందరికిని మందులు జీవితాంతము తప్పవు. సైక్లోస్పోరిన్ అను మందు నార్వే మట్టిలోని బూజు నుండి, టాక్రోలిమస్ 1984లో జపాను మట్టిలోని సూక్ష్మజీవి నుండి లభించినవి. మట్టిని నమ్ముకొన్న మన రైతులకు ఇది వింతగా తోచదేమో!

రెండును అవయవమును కాచునవే. కాని బ్రతుకు ఒక్కతీరున ఉండదు. సైక్లోస్పోరిన్ వాడువారిలో కొందరికి ముఖమున రోమములు పెరుగును, చిగుళ్లు ఉబ్బును. పెండ్లి కావలసిన పిల్లకు ఇది చిన్న బాధ కాదు. వైద్యుని కాగితములో మూత్రపిండము చక్కగానే ఉండును. పిల్ల మాత్రము వాకిలి దాటదు. టాక్రోలిమస్‌తో చేతులు వణకవచ్చును, జుట్టు రాలవచ్చును, మధుమేహమును రావచ్చును. స్టెరాయిడ్ వలన ముఖము గుండ్రమగును, ఎముకలు బలహీనపడును. మైకోఫినోలేట్‌తో విరేచనములు పట్టుకొన్నచో పొలము పని సాగునా, బస్సు ప్రయాణము సాగునా?

2007లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 1645 మంది రోగులను పరిశీలించిరి. తక్కువ మోతాదు టాక్రోలిమస్‌ను మైకోఫినోలేట్, స్టెరాయిడ్‌లతో కలిపి ఇచ్చినవారి మూత్రపిండములు మేలుగా పనిచేసినవి. నేడు ఎక్కువగా వాడుకలోనున్నది ఈ కూర్పే. అయినను ఇది సరిపడనివారికి వేరు దారులు కలవు. సైక్లోస్పోరిన్ మాని టాక్రోలిమస్‌కు మారినచో చిగుళ్ల వాపు తగ్గుట కలదు.

మేము భయపడునది మరియొకటి. చెప్పుకొన సిగ్గుపడి మాత్రలు తామే తగ్గించుకొనువారున్నారు. వారి మూత్రపిండము తరచు నొప్పి లేకుండనే చెడిపోవును. రక్తములో క్రియాటినిన్ పెరిగిన పిదప గాని తెలియదు. రోమముల సంగతియైనను, విరేచనముల సంగతియైనను వైద్యునితో చెప్పుటకు సంకోచింపరాదు.

వేరొక రోగమునకు మందు వ్రాయించుకొనునప్పుడును మార్పిడి మాట ముందే తెలుపవలెను. క్షయకు వాడు రిఫాంపిసిన్ ఈ మందుల బలమును మిక్కిలి తగ్గించును. పెరటిలోని పంపరపనస, దీనికి విరుద్ధముగా, రక్తములో టాక్రోలిమస్‌ను పెంచవచ్చును. ఆ పండు ఇంటిలోని తక్కినవారికే విడువవలెను.