తెర మీద పుస్తకం, ఊళ్లో గ్రంథాలయం

పాతూరి నాగభూషణం గారిని తలచుకోగానే గ్రంథాలయోద్యమం ఎరిగినవారికి గుర్తొచ్చేది పడవ. 1935లో కృష్ణా డెల్టా కాలువ మీద, పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ, ఆయన చొరవతో, పుస్తకాలతో పడవ గ్రంథాలయం నడిచింది. జనం కాలువల మీదే రాకపోకలు సాగించే రోజులవి. చదివేవాడు ఎక్కడుంటే పుస్తకం అక్కడికే వెళ్లాలన్నది గ్రంథాలయోద్యమ కార్యకర్తల పట్టుదల. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ జరిగిన నాటి నుంచీ ఉద్యమానికి ఊపిరి అదే.

పుస్తకం ఫోన్‌లోకే వచ్చేశాక గ్రంథాలయం ఎందుకని ఇప్పుడు అడుగుతున్నారు. అడగదగ్గ ప్రశ్నే. జవాబు కోసం తెలుగు పుస్తకం తెర మీదికి ఎలా వచ్చిందో చూద్దాం.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల స్కానింగ్ తలపెట్టారు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా సాగింది. బజారులో ఏనాడో కనుమరుగైన తెలుగు పుస్తకాలు దాని పుణ్యమా అని మళ్లీ చేతికందాయి. ఈ తరం పరిశోధకులు ఆ రుణం తీర్చుకోలేరు. చిక్కల్లా పేర్లతో వచ్చింది. తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తలా ఒక స్పెల్లింగుతో ఎక్కాయి. పుస్తకం అందులోనే ఉంటుంది, వెతికితే దొరకదు! చివరికి ఆ సైటే మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు ఉండబట్టి చాలా పుస్తకాలు దక్కాయి.

ఇక్కడే గ్రంథపాలకుడి అవసరం తెలిసొస్తుంది. తెలుగు లిపిలో సరైన సూచి రాయాలి, రెండు మూడు చోట్ల ప్రతులు భద్రపరచాలి, వచ్చిన పిల్లవాడికి ఏది చదవాలో చెప్పాలి. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను దాచి ఉంచింది గనుకనే ఈనాటికీ పరిశోధకులు ఆ ఊరి దారి పడుతున్నారు.

హైదరాబాదులో చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్తే మరో సంగతి కళ్లకు కడుతుంది. గ్రూప్స్ పరీక్షలకు చదివే యువత తమ పుస్తకాలు తామే తెచ్చుకుని పొద్దస్తమానం కూర్చుంటారు. మెటీరియలంతా ఫోన్‌లోనే ఉండొచ్చు. ఇరుకు గదిలో నలుగురితో ఉండేవాడికి కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం ఎవరిస్తారు? గ్రంథాలయాలు పరీక్షల గదులైపోయాయని చిన్నచూపు చూడటం తప్పు. ఇవాళ గ్రంథాలయం మీద అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది వాళ్లే.

గ్రంథాలయాలకు డబ్బు లేదన్న మాట చెల్లదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఆస్తిపన్నుపై సెస్సుకు వీలు కల్పించింది. వసూలు చేసే స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఏళ్ల తరబడి పేరుకున్న బకాయిలు అందితే కొత్త పుస్తకాలూ కంప్యూటర్లూ వస్తాయి, ఖాళీ పోస్టులు నింపమని గట్టిగా అడగవచ్చు. ఈసారి ఇంటిపన్ను రసీదు చేతికొచ్చినప్పుడు గ్రంథాలయ సెస్సు ఎంతో చూడండి. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరిందో లేదో పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో అడగండి.