పుట్టగొడుగులూ నేల కాలుష్యమూ
(ప్రజారోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

తొలకరిలో ఉరుము ఉరిమితే పుట్టగొడుగులు మొలుస్తాయని పల్లెల్లో పెద్దలు చెబుతారు. చిత్తూరు, అనంతపురం సీమల నుండి తరతరాలుగా బెంగళూరుకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ రుచి కొత్తది కాదు. కన్నడిగులు అణబె అంటారు. తమిళులు కాళాన్ అంటారు. తెలుగు పేరులో మాత్రం అది మొలిచే చోటు కూడా ఇమిడి ఉంది: పుట్ట మీది గొడుగు. నేటి ప్రసంగానికి ఆ చోటే విషయం. పుట్టగొడుగు ఎంత తాజాగా ఉందన్నది ఒక ప్రశ్న. ఏ నేలలో మొలిచిందన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

పుట్టగొడుగు మొక్క కాదు, శిలీంధ్రం. పైకి కనిపించే గొడుగు దాని ఫలభాగం మాత్రమే. అసలు దేహం సన్నని దారపు పోగుల వలె నేలలో అల్లుకొని ఉంటుంది. ఆ పోగులు చుట్టూ ఉన్న సేంద్రియ పదార్థాన్ని కరిగించి పోషకాలను పీల్చుకుంటాయి. నేలలో కాడ్మియం, పాదరసం, సీసం, ఆర్సెనిక్ ఉంటే వాటినీ గ్రహిస్తాయి. అన్ని జాతుల స్వభావం ఒకటి కాదు. కొన్ని జాతులు కాడ్మియంను, మరికొన్ని పాదరసాన్ని నేలలో ఉన్న మోతాదుకంటె అధికంగా తమలో కూడబెట్టుకుంటాయి.

ఇది ఊహ కాదు. తూర్పు స్లొవేకియాలో రాగిని, పాదరసాన్ని కరిగించే కర్మాగారాల పరిసరాలలో మొలిచిన తినదగిన పుట్టగొడుగులను శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2000లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో పాదరసం, కాడ్మియం, సీసం అధికంగా బయటపడ్డాయి. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదంలో వెలువడిన సీజియం-137 గాలితో పాటు ఐరోపా అడవులకు చేరింది. దాని పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. దశాబ్దాల తరువాత కూడా దక్షిణ జర్మనీ అడవులలోని పుట్టగొడుగులలో అది కనబడింది. మనుషులు మరచిపోయినా నేల మరచిపోదు.

నగర నేలకూ ఈ మాట వర్తిస్తుంది. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం దేశంలో 2000లో నిలిచిపోయింది. అంతకుముందు రోడ్ల పక్కన పడిన సీసం మట్టిని అంత సులభంగా వీడదు. బెళ్ళందూరు వంటి చెరువులలోకి ఏళ్ల తరబడి మురుగునీరు చేరింది. వాన వెలిసిన మరునాడు ఖాళీ స్థలంలో తెల్లగా విచ్చుకున్న పుట్టగొడుగులను ఒక తల్లి కోసి తెచ్చి పిల్లలకు కూర వండుతుంది. ఆ స్థలంలో ఒకప్పుడు పాత బ్యాటరీలు విప్పారో, రంగుల డబ్బాలు పారబోశారో ఆమెకు తెలిసే దారి లేదు.

ఈ లోహాల హాని ఒక్క పూటలో కనబడదు. కాడ్మియం మూత్రపిండాలలో చేరి 10 నుండి 30 ఏళ్ల వరకు నిలిచి వాటిని దెబ్బతీస్తుంది, ఎముకలను బలహీనపరుస్తుంది; అది క్యాన్సర్ కారకం కూడా. పాదరసం నాడీ మండలానికి హాని చేస్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను కుంటుపరుస్తుంది. ఇంత వరకు సురక్షితమని చెప్పదగిన మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది.

వండితే విషం పోతుందన్న నమ్మకం సరికాదు. లోహాలు మంటకు నశించవు. కడిగితే పైనున్న మట్టి పోతుంది. లోపల చేరినది పోదు. ఉడికించి నీరు వంపివేస్తే కొంత తగ్గవచ్చునే గాని పూర్తిగా తొలగదు. వెండి నాణెం నల్లబడడం, వెల్లుల్లి రంగు మారడం వంటి పరీక్షలు లోహాలనూ చూపలేవు, విషజాతులనూ గుర్తించలేవు. పుట్టగొడుగులో పదింట తొమ్మిది పాళ్లు నీరే కనుక, ఎండబెట్టినప్పుడు అదే లోహం తక్కువ తూకంలో చిక్కబడుతుంది.

ఇంతమాత్రాన పుట్టగొడుగులను మానవలసిన పని లేదు. అవి పోషక విలువలు గల ఆహారమే. అయితే రోడ్ల అంచున, చెత్తకుప్పల వద్ద, కర్మాగారాల సమీపంలో, మురుగు కాలువల గట్ల మీద మొలిచినవాటిని కోయకూడదు. సంతలో కొనేటప్పుడు ఎక్కడ పెంచారో అడగాలి. ఇంట్లో సంచులలో పెంచేవారు శుభ్రమైన వరిగడ్డినే వాడాలి. రంగు వేసిన కలప పొట్టును, అచ్చు కాగితాలను వాడరాదు. బటన్, పాల పుట్టగొడుగుల పెంపకంలో పైన పరిచే మట్టిని రోడ్డు పక్కనుండి తేరాదు. అడవి పుట్టగొడుగులను గర్భిణులకు, చిన్నపిల్లలకు పెట్టకపోవడమే మేలు. నేల మంచిదైనంత మాత్రాన విషజాతి మంచిది కాబోదు; గుర్తు తెలియనిదాన్ని ఎవరూ తినరాదు.

మరొక బాధ్యత కూడా ఉంది. పాత బ్యాటరీలను, ట్యూబులైట్లను, మిగిలిన రంగులను ఖాళీ స్థలాలలో పారవేయక, విడిగా ఉంచి చెత్త సేకరణ సిబ్బందికి అప్పగించాలి. నేడు నేలకు ఇచ్చినదే రేపు కంచంలోకి తిరిగి వస్తుంది.