బస యిచ్చు పట్టణములు



వానలు వెనుకబట్టిన యేట విరాటపర్వము చదివించు నాచారము మన పల్లెలలో కలదు. మునేటి కిరుప్రక్కలను, పాలేటి యొడ్డునను ఉన్న గ్రామములలో మీలో ననేకులు రచ్చబండమీద కూర్చుండి ఆ కథను వినినవారే. అయినను ఆ పర్వారంభమున నున్న యొక ముచ్చటను మనము త్వరగా దాటిపోవుదుము. వనవాసము ముగిసినది. అజ్ఞాతవాసమునకు ఏ పట్టణము తగినదని పాండవులు కూర్చుండి యాలోచించిరి. అర్జునుడు పాంచాలము, చేది, శూరసేనము, అవంతి మొదలుగా పెక్కు దేశముల పేర్లు చెప్పెను. ధర్మరాజు వానిలో మత్స్యదేశము నేరుకొనెను. విరాటుడు బలవంతుడు, ధనవంతుడు కూడ. కాని ధర్మరాజు చెప్పిన కారణములలో అతడు వృద్ధుడు, ధర్మశీలుడు, దాత యనునవియు కలవు. నాకు పట్టినవి యివి.

ఆ యారుగురిలో బస దొరకుట యెవరికి మిక్కిలి కష్టము? నా యెన్నికలో బృహన్నలకు. వంటవానికి, గుఱ్ఱముల కాపరికి, పసుల లెక్కలు చూచువానికి ఏ రాజునింటనైన పని దొరకును. బృహన్నలను మాత్రము విరాటుడు పరీక్ష చేయించి గాని యంతఃపురమునకు పంపలేదు. పంపిన పిమ్మట కన్నకూతునే ఆటపాటలు నేర్చుకొనుమని యప్పగించెను.

ఇది నాకిప్పుడు జ్ఞప్తికి వచ్చుటకు కారణము కలదు. నందిగామకు చేరువనున్న పల్లెనుండి నా చిన్ననాటి స్నేహితుడొకడు నిరుడు మా యింటికి వచ్చెను. పత్తి, మిరప పండించు రైతు. కాఫీ త్రాగినంతసేపు ధరల సంగతియే మాటాడి, పిమ్మట మెల్లగా ననెను: "మాష్టారూ, మా మనవడు... కాదు, మనవరాలు అనాలట ఇప్పుడు. ఉద్యోగంలో చేరేముందు స్నేహితురాలితో కలిసి నాలుగు పట్నాలు చూసొస్తానంటున్నది. వెళ్లొద్దంటే ఆగదు. ఏ ఊళ్లో దీనికి గది ఇస్తారో, ఏ ఊళ్లో బజారున నిలబెడతారో మీరే కనుక్కుని చెప్పండి."

అతడు పొమ్మనుటయో మానుమనుటయో నన్నడుగలేదు. రాత్రి ఎక్కడ పండుకొనునని యడిగెను. తాత యడుగవలసిన ప్రశ్న యదియే.

ఇట్టివారిని గురించి రెండు మాటలు చెప్పి ముందునకు పోయెదను. పురుషుడై పురుషునియందును, స్త్రీయై స్త్రీయందును అనురాగము గలవారు కొందరు. పుట్టినప్పుడు పదిమంది చెప్పిన గుర్తు తమ మనస్సునకు సరిపడక, ఆడదిగనో మగవాడుగనో తమకు తోచినట్లు బ్రతుకువారు కొందరు. వీరిని నేడు ట్రాన్సుజెండరు లనుచున్నారు. అర్జునునిది శాపవశమున వచ్చిన ఏడాది రూపము. వీరిది జన్మమంతటిది. మన పల్లెలలో వీరు పూర్వమును ఉండిరి. ఊరు విడిచిపోయిరి గనుక మనకు కనబడలేదు.

శాసనము మాట మొదట చూచితిని. అది అన్ని పట్టణములకును ఒక్కటియే. 2014 ఏప్రిల్ 15న సుప్రీముకోర్టు ట్రాన్సుజెండరులకు తమ గుర్తింపును తామే చెప్పుకొను హక్కు కలదని తీర్పు చెప్పెను. 2018 సెప్టెంబరు 6న, ఇష్టపూర్వకముగా కలిసియుండు పెద్దవారి విషయమున 377వ సెక్షను చెల్లదనెను. ఆ వ్యాజ్యము వేసినవారిలో కేశవ్ సూరి యను హోటళ్ల యజమాని యొకడుండుట నాకు విశేషముగా తోచినది. 2020 జనవరి 10న అమలులోనికి వచ్చిన శాసనము, ట్రాన్సుజెండరని చెప్పి బసగాని, వైద్యముగాని, ప్రజలందరికి నున్న వసతిగాని నిరాకరింపరాదని చెప్పుచున్నది. వివాహపు హక్కును మాత్రము 2023 అక్టోబరు 17న సుప్రీముకోర్టు ఒప్పుకొనలేదు. ఇది శాసనము. లాడ్జి గుమాస్తా యీ తీర్పులను చదివి కూర్చుండడు.

మన తాతల దినములలో శాసనము కూడ అడ్డుగనే యుండెను. జగ్గయ్యపేట దాటి పాలేటి కావల అడుగుపెట్టిన నిజాము రాజ్యము. అచ్చట ఫసలీ 1329లో, అనగా 1919 ప్రాంతమున, ఒక శాసనము చేసిరి. హిజ్రాల పేర్లు పట్టికలో వ్రాయవలెను. పట్టికలో పేరున్నవారు ఆడువేషముతో వీధిలో కనబడినను, ఆడినను పాడినను, వారంటు లేకయే పట్టుకొని శిక్షింపవచ్చును. నిజాము పాలన పోయినది, రాష్ట్రములు కలిసినవి, విడిపోయినవి. ఆ శాసనము మాత్రము పుస్తకములలో నిలిచియే యుండెను. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసెను. శతాబ్దమునకు పైగా దానికి జీవితకాలము దొరకినది.

ఇక పట్టణముల సంగతి. నేను విచారించినవానిలో కొచ్చి కథ నన్నెక్కువగా ఆలోచింపజేసినది. కేరళ రాష్ట్రము 2015లోనే ట్రాన్సుజెండరుల కొరకు ప్రత్యేకవిధానము ప్రకటించెను. మన దేశమున అదియే మొదటిది. 2017 జూన్ 17న కొచ్చి మెట్రోరైలు ప్రారంభమైనప్పుడు ఇరువదిమందికి పైగా ట్రాన్సుజెండరులను ఉద్యోగములలో చేర్చుకొనిరి. దేశదేశముల పత్రికలు మెచ్చుకొని వ్రాసినవి. కొలదిదినములకే వారిలో ఎనిమిదిమంది ఉద్యోగము మానివేసిరి.  ఊరిలో అద్దెకు ఇల్లు దొరకలేదు. దినమునకు వందల రూపాయలు లాడ్జీల కిచ్చుకొనుచు ఎంతకాలము బ్రతుకగలరు? రైలు ఆఫీసు ఆహ్వానించెను, ఇంటి యజమానులు కాదనిరి. అదే పట్టణము, అవే వీధులు. కావున ఊరి పేరు పత్రికలలో చూచి పెట్టె సర్దుకొనుట పొరపాటని నాకు తెలిసినది. పట్టణమును కాదు, అందలి గుమ్మమును ఎన్నుకొనవలెను.

ఈ మాట మనకు క్రొత్తది కాదు. పూర్వము సత్రములలో కులమడిగి బస యిచ్చిరి. కాశికి బయలుదేరువాడు, త్రోవలో ఏ ఊర మనవారి సత్రమున్నది, ఏ ఊర ఎవ్వరింట దిగవచ్చునని ముందుగా విచారించియే కదలెను. ఏ సత్రమునను చోటులేని కులములవారు చెట్టుక్రింద పండుకొనిరి. ఆ విచారణయే నేడు మరియొకరికి అవసరమైనది.

చెన్నపట్టణమున సంగతి కొంత నయము. తమిళనాడు ప్రభుత్వము 2008లోనే వీరికొరకు సంక్షేమబోర్డు నేర్పరచెను. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు, ఇల్లు విడిచివచ్చిన యిద్దరు యువతుల వ్యాజ్యమున, ఇట్టివారిని పోలీసులు వేధింపరాదని స్పష్టముగా ఆజ్ఞాపించెను. ఆ రాష్ట్రమున మరియొక వింత కలదు. చైత్రమాసమున కూవాగములోని కూత్తాండవరు ఆలయమునకు ట్రాన్సుజెండరులు దేశపు నలుమూలలనుండి వేలసంఖ్యలో పోవుదురు. ఆ దేవుడెవరో తెలియునా? భారతయుద్ధమున బలియైన అర్జునుని కుమారుడు ఇరావంతుడు. పెండ్లికాక చావనొల్లనన్న అతనికై శ్రీకృష్ణుడు మోహినియై ఒక్కరాత్రి భార్యయయ్యెనని అచ్చటి కథ. వీరందరు అతనిచేత తాళి కట్టించుకొని, మరునాడు తెంపుకొని యేడ్తురు. ఆ దినములలో విల్లుపురములోని లాడ్జీలు వీరితో నిండిపోవును. తండ్రి విరాటుని కొలువున తలదాచుకొనెను. కొడుకు గుడి వీరికి తలదాచుకొను చోటైనది.

హైదరాబాదు మనకు దగ్గర. భాష మనదే. 2013 ఫిబ్రవరిలో అచ్చట స్వాభిమాన యాత్ర యను పేర మొదటి ఊరేగింపు జరిగెను. 2021లో నారాయణగూడలో ట్రాన్సుజెండరులే నడపు వైద్యశాల తెరచిరి. అమెరికా ధనసహాయ మాగిపోవుటచే 2025 జనవరిలో అది మూతపడెను. పిదప టాటా ట్రస్టు సాయముతో సబ్రంగ్ అను పేర మరల తెరచుకొనెను. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్సుజెండరులను ట్రాఫిక్ పోలీసులకు సహాయకులుగా చేర్చుకొనిరి. నాలుగురోడ్ల కూడలిలో యూనిఫారము ధరించి బండ్ల నాపువారిని దినమును చూచుచున్న ఊరిలో, లాడ్జి గుమాస్తా కూడ కొంత అలవాటు పడును. బెంగుళూరున 2008 నుండి ఊరేగింపులు జరుగుచున్నవి. సర్కారు ఉద్యోగములలో నూటి కొకటి వీరికి కేటాయించిరి. అద్దెలు మాత్రము మిక్కిలి యెక్కువ.

విదేశముల మాట క్లుప్తముగా చెప్పెదను. సింగపూరు తన పాత నేరశాసనమును 2023 జనవరిలో తొలగించెను. థాయిలాండులో 2025 జనవరి 23 నుండి ఇట్టివారి వివాహములు చట్టసమ్మతములు. కువైటు, సౌదీ, దుబాయి ప్రాంతములలో ఇది నేటికిని శిక్షార్హమే. ఎంత వెలుగులీను పట్టణమైనను అచ్చటికి విహారమునకు పంపకుడు.

గుమ్మము దగ్గర వచ్చు చిక్కేమో ఇప్పుడు చెప్పెదను, ఇది మీకు పనికివచ్చును. ఇద్దరు మగవారు ఒక గది యడిగిన ఎవ్వరును తలయెత్తి చూడరు. ఇద్దరాడువారు వచ్చిన, వెంట మగవారెవరని యడుగుదురు. ట్రాన్సుజెండరు వచ్చిన చిక్కంతయు కాగితముదే. ఎదుట చీరకట్టిన పిల్ల, ఆధారుకార్డులో మగపేరు. గుమాస్తా రెండింటిని మార్చి మార్చి చూచి "గదులు లేవు" అనును. 2019 శాసనము క్రింద కలెక్టరు గుర్తింపుపత్రము నిచ్చును. మనది 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లా, కలెక్టరు విజయవాడలోనే యున్నాడు. ఆ పత్రము చేతనుంచుకొని, దానినిబట్టి ఆధారు మార్పించుకొనిన పిదప బయలుదేరుట మేలు. బస్సులో కూడ కార్డు చూపవలెను. మన రాష్ట్రమున 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలతోపాటు ట్రాన్సుజెండరులకును ఉచితప్రయాణము. తెలంగాణలో 2023 డిసెంబరు నుండియు కలదు. ఏ రాష్ట్రపు ఉచితము ఆ రాష్ట్రపు హద్దువరకే. గరికపాడు దాటగానే టిక్కెట్టు కొనవలయును. ఇది తెలియక కండక్టరుతో తగవు పడుట వద్దు.

లాడ్జికి ముందుగా ఫోను చేసి, ఉన్నసంగతి ఉన్నట్లు చెప్పి, "ఇత్తురా, ఇయ్యరా" యని యడుగవలెను. ఫోనులో కాదనిపించుకొనుట, అర్ధరాత్రి గుమ్మములో కాదనిపించుకొనుటకంటె చులకన. పగటివేళ చేరవలెను. మొదటిరాత్రి తెలిసినవారింటనో, ఆ పట్టణమున ఇట్టివారికై పనిచేయు సంఘమువారు చూపినచోటనో ఉండవలెను. ఆ పట్టణమున ఫోను చేసిన పలుకు మనిషి యొక్కడైన లేనిచో ఆ పట్టణమును మానుకొనవలెను.

ఇంతవరకు ఇతరుల ఊళ్లను పరీక్షించితిని. నా పరీక్ష యొకటి మిగిలియున్నది. ఏండ్లక్రిందట, ఈ హైదరాబాదు రహదారి మీది యొక ఊరిలో, వానకు బస్సు ఆగిపోగా ఒక లాడ్జిలో దిగితిని. గది తాళపుచెవి నా చేతిలో నుండగా ఇద్దరు వచ్చిరి. ఒకరు మునుపు నా బడిలో చదివిన పిల్లవాడు, అప్పటికి ఆడుదుస్తులలో నుండెను. నన్ను గుర్తుపట్టి నమస్కరించెను. గుమాస్తా గదులు లేవనెను. నాకు గది యిచ్చునప్పుడు, పైయంతస్తంతయు ఖాళీ, మీకు నచ్చినది తీసుకొనుడని అతడే చెప్పియుండెను. నేనామాట బయటపెట్టలేదు. వారు వానలోనే బస్సుస్టాండు వైపు పోయిరి. "పిల్లలు నాకు తెలిసినవారే" యని ఒక్కమాట యన్నచో గది దొరకియుండెడిది. పంతులుగారి మాట ఆ రోజులలో చెల్లెడిది. తెల్లవారి నేను బస్సుస్టాండునకు పోవుసరికి వారు లేరు. గుమాస్తాను తప్పుపట్టుటకు నాకు నోరులేదు.

అందుచేతనే నా స్నేహితుని ప్రశ్నకు నేను కొంచెము శ్రద్ధగా పనిచేసితిని. మొదట హైదరాబాదు, పిదప చెన్నపట్టణము, కొచ్చి తరువాత చూడవచ్చునని చెప్పితిని. రెండు ఊళ్లలోను బస ముందుగానే కుదిరినది. పిల్లలు పదిదినములు తిరిగివచ్చిరి. చెన్నపట్టణమున ఒక హోటలువాడు కార్డు చూచి మొగము చిట్లించెనట. యజమాని వచ్చి, నిన్న ఫోనులో మాటాడినది తానేనని చెప్పి గది యిప్పించెనట.

తిరుగుప్రయాణపు బస్సు నందిగామలో తెల్లవారుజామున నాలుగింటికి ఆగినది. నా స్నేహితుడు రెండింటికే వచ్చి బస్సుస్టాండు బల్లమీద కూర్చుండెనట. టీ బంకు దగ్గర ఊరివారు నలుగురు ఉండిరి. పిల్ల దిగగానే వారందరు తిరిగిచూచిరట. ఈతడు లేచిపోయి పెట్టె తానందుకొని, వారికి వినబడునట్లుగానే, "చలిగా ఉందేమో, టీ తాగుదువుగాని రా అమ్మా" అనెనట. ఆమె వచ్చేనెల బెంగుళూరు పోవుచున్నది. అచ్చటి బస యింకను కుదరలేదు; ఇద్దరము విచారించుచున్నాము.