ఖాళీ జాగా అని రాయకండి

(సంఘం యువజన సమావేశంలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



అడవి సరిహద్దుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను లాయర్ని కాను, అటవీ శాస్త్రం చదవలేదు. బీఎడ్ చేసి కొన్నాళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటున్నాను. గుడ్ల లెక్క, బియ్యం లెక్క, పిల్లల జ్వరాలు, రాత్రి హాజరు, ఇదే నా రోజు. అందుకే హాస్టల్లో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను.

ఒక ఆదివారం వాన పడుతోంది. పిల్లలు బయటికి పోయే వీలు లేదు. తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, "మీ ఊరి పటం గీయండి" అన్నాను. అందరూ చక్కగా గీశారు. రోడ్డు, బడి, అంగన్‌వాడీ, బోరింగు, సెల్ టవర్, వాళ్ల ఇల్లు. ఒక పిల్ల పటంలో ఊరు కాగితం మధ్యన చిన్నగా ఉంది, చుట్టూ అంతా తెల్లగా ఉంది.

"ఇక్కడ ఏముందమ్మా?" అని అడిగాను.

"ఏం లేదు మేడం, ఖాళీ జాగా."

"మీ ఆవులు పొద్దున ఎటు పోతాయి?"

"అటే పోతాయి."

"ఇప్పపువ్వు ఎక్కడ ఏరుతారు?"

"అక్కడే."

"మీ తాత చనిపోతే ఎక్కడ పెట్టారు?"

పిల్ల కాసేపు మాట్లాడలేదు. "అటు పక్కనే మేడం" అని పెన్సిల్ మళ్లీ తీసుకుంది. అన్నం గంట కొట్టేసరికి ఆ తెల్ల జాగాలో మేత గుట్ట, వాగు, పశువులు నీళ్లు తాగే మడుగు, ఇప్ప చెట్లు, తునికి చెట్లు, అకిపేన్ ఉండే చోటు, పెద్దల సమాధులు, పక్క ఊరికి పోయే కాలిబాట అన్నీ వచ్చాయి. కాగితం సరిపోలేదు.

ఆ పిల్లను నేను ఏమీ అనలేదు. ఎందుకంటే అదే తప్పు నేను కూడా చేశాను, అది కూడా బీఎడ్ చదువుతున్న వయసులో.

అప్పుడు సెలవులకు ఇంటికి వచ్చాను. పంచాయతీ ఆఫీసు గోడకు ఒక కాగితం అంటించారు. ఊళ్లో పెద్ద చదువు చదివింది నేనే కదా, మా బాపు నన్ను తీసుకుపోయి చదవమన్నాడు. చదివాను. సర్వే నంబర్లు, ఎకరాలు, "ఖాళీ భూమి" అనే మాట. "ఏం లేదు బాపూ, ఖాళీ జాగాలో మొక్కలు పెడతారట, మంచిదే కదా" అన్నాను. బాపు నా మాట నమ్మాడు. ఊరు బాపు మాట నమ్మింది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ ఎండాకాలం జేసీబీ వచ్చి పొడుగునా కందకం తవ్వింది. అప్పుడు తెలిసింది, ఆ ఖాళీ భూమి మా గైరాన్ అని. తరతరాలుగా ఊరి మంద మేసిన జాగా. మా అవ్వ తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరే చెట్లు కందకానికి అవతల పడ్డాయి. మంద గుట్ట చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. దూడలు కందకంలో పడేవి. మూడేళ్లలో మా బాపు ఆవులను ఒక్కొక్కటిగా సంతలో అమ్మేశాడు. ఎద్దుల జత ఒక్కటి ఉంచుకున్నాడు. ఆయన నన్ను ఎప్పుడూ ఒక మాట అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ బాధ. ఆ కాగితం చదవడం నాకు వచ్చింది. దాని అర్థం మాత్రం చదువు లేని బాపుకే తెలిసి ఉండేది, నేను "ఖాళీ" అని చెప్పకుండా "ఫలానా గుట్ట నుంచి ఫలానా వాగు దాకా" అని చెప్పి ఉంటే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన ప్రాంతంలో ఇది కొత్త కథ కాదు. నిజాం కాలంలో రిజర్వు అడవి గీతలు గీసినప్పుడు కూడా ఇలాగే జరిగింది. మనవాళ్లు తేలిక నేలల్లో రెండు మూడేళ్లు పంట తీసి, నేల తేరుకోవడానికి కొన్నేళ్లు బీడు వదిలేవాళ్లు. గీత గీసిన ఏడాది బీడుగా కనిపించిన చేలు అడవి లెక్కలోకి పోయాయి. మళ్లీ దున్నబోతే దున్నినవాడు నేరస్తుడయ్యాడు. ఈ సంగతి 1940లలో మన ఊళ్లలో తిరిగిన హైమండార్ఫ్ దొర తన పుస్తకాల్లో రాసిపెట్టాడు. కుమ్రం భీం జోడేఘాట్‌లో 1940లో ప్రాణం ఇచ్చింది కూడా ఈ గీతల మీదే. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటల్లో మధ్యలో ఉన్నది జంగల్. దాన్ని నినాదంగా అరవడం సులువు. దాని హద్దులు చెప్పగలిగేవాళ్లు మనలో ఎందరు?

ఇక ఇప్పటి సంగతికి వస్తాను. 2012లో కవాల్ టైగర్ రిజర్వు అయింది. లోపలి కోర్ సుమారు 893 చదరపు కిలోమీటర్లు, చుట్టూ బఫర్ సుమారు 1,123. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగర్, సిర్పూరు అడవుల మీదుగా వస్తాయి. ఆ దారిని కాపాడాలని 2025 మే నెలాఖరున ప్రభుత్వం 49వ నంబరు జీవో ఇచ్చింది. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ డివిజన్లలో దాదాపు 1,49,288 హెక్టార్ల అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. మనవాళ్లు రోడ్ల మీదికి వచ్చారు, బంద్ చేశారు. జూలైలో ఆ జీవోను నిలుపుదలలో పెట్టారు. నిలుపుదల అంటే రద్దు కాదు. ఈ తేడా ప్రతి గూడెంలో చెప్పండి.

ఇక్కడ నేను రెండు వైపులా మాట్లాడతాను, కోపం తెచ్చుకోకండి.

ఒకటి, పులి దారి అనేది అబద్ధం కాదు. పులి ఒక్క అడవిలో ముడుచుకుని బతకదు. అడవి ముక్కలైతే అది ఊరి మీదికే వస్తుంది. కాగజ్‌నగర్ వైపు 2020లో, 2024లో చేలల్లో పనికి పోయినవాళ్లను పులి చంపింది. ఆ ఇళ్ల బాధ తెలియకుండా పట్నంలో కూర్చుని పులి గొప్పదని చెప్పడం తప్పు. అలాగే పశువు కళేబరంలో మందు కలిపి పులిని చంపడం కూడా తప్పే. అడవి బాగుంటేనే మన వాగుల్లో నీళ్లు. వాగు ఎండితే ముందు ఖాళీ అయ్యేది మన బిందె.

రెండు, చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవాలి. వన్యప్రాణి చట్టంలో 36ఏ సెక్షన్ ప్రకారం కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించే ముందు స్థానిక ప్రజలతో సంప్రదించాలి. 36బీ ప్రకారం ఒక కమిటీ ఉండాలి, అందులో ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒక ప్రతినిధి ఉండాలి. బాగానే ఉంది. కానీ ఒక పంచాయతీ కింద నాలుగు గూడేలుంటే ఆ ఒక్కరు ఎవరి గూడెం గురించి మాట్లాడతారు? పైగా ఆ కమిటీ పని సలహా ఇవ్వడం వరకే. రిజర్వు పేరు పెట్టగానే మీ పోడు, మీ మేత పోతాయని ఆ సెక్షన్‌లో రాసి లేదు. కాబట్టి లేనిది ఉందని ఎవరూ భయపెట్టొద్దు. అయితే మనకు ఎందుకు భయం? గీత గీసేవాడి కాగితం మీద మన జాగా ఇంకా ఖాళీగానే ఉంది కాబట్టి.

దీనికి మందు కూడా చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం. మనలో చాలామంది దాన్ని పోడు పట్టాల చట్టం అనుకుంటారు. పట్టా అందులో ఒక భాగం మాత్రమే. ఊరు తన ఆచారపు హద్దుల లోపల ఉన్న అడవిని కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కు అందులో ఉంది. దాన్ని సామూహిక అటవీ వనరుల హక్కు అంటారు. రిజర్వు ఫారెస్టులో అయినా, అభయారణ్యంలో అయినా ఆ హక్కు అడగవచ్చని చట్టమే చెబుతుంది. మేత హక్కు వేరుగా రాసి ఉంది. అడవిని, జంతువులను, నీటి జాగాలను కాపాడే అధికారం 5వ సెక్షన్ కింద గ్రామసభకు ఉంది. అంటే సంరక్షణ సంస్థ ఒక్క హైదరాబాదులోనే లేదు, మన చావడిలో కూర్చునే గ్రామసభ కూడా సంరక్షణ సంస్థే. సంరక్షణ గీత పెరగాలంటే పెరగనివ్వండి, కానీ అది గూడెంలో మొదలై బయటికి పెరగాలి.

ఇది కలలో మాట కాదు. గడ్చిరోలి జిల్లాలో మెంఢా లేఖా అనే ఊరుంది. గోండు ఊరు. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు తెచ్చుకుంది. 2011 నుంచి తన వెదురు తానే అమ్ముకుంటోంది. అక్కడ ఓట్లు లెక్కపెట్టి తీర్మానం చేయరు, అందరూ సరే అనేదాకా కూర్చుని మాట్లాడుకుంటారు. ఇంకోటి, కర్ణాటకలో బిలిగిరి రంగన్న కొండల సోలిగలు. వాళ్ల పెద్దలు, యువకులు, పరిశోధకులు కలిసి అడవంతా తిరిగి దేవతల చోట్లు, సమాధులు, పాత ఊళ్లు వందలాదిగా జీపీఎస్‌తో పటంలో ఎక్కించారు. ఆ అడవి 2011లో టైగర్ రిజర్వు అయింది. అదే ఏడాది పులుల అడవి లోపలే సోలిగల గ్రామసభలకు సామూహిక హక్కు పత్రాలు వచ్చాయి. పులీ ఉంది, వాళ్లూ ఉన్నారు.

మరి మనం? మెస్రం వాళ్లు నాగోబా పూజకు గోదావరి నీళ్ల కోసం హస్తిన మడుగు దాకా నడిచి పోతారు. దారిలో ఎక్కడ ఆగుతారు, ఏ చెట్టు కింద పడుకుంటారు, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద ఎన్ని రోజులుంటారు, అవన్నీ వాళ్ల పెద్దలకు నోటికి వచ్చు. ఆ ఆగే జాగాలు ఏ పటంలోనైనా చూశారా? జంగుబాయికి పోయే అడవి బాట? దండారి బృందాలు ఊరి నుంచి ఊరికి పోయే బాటలు? పెద్దల నోట్లో ఉన్నంత కాలం ఉంటాయి. వాళ్లతోపాటు పోతే ఇక ఖాళీ జాగాయే.

అందుకే మీకు పని చెబుతాను. టీచరమ్మను కదా, హోంవర్క్ ఇవ్వకుండా దిగను.

మొదటి పని, ఊళ్లో అందరికంటే పెద్ద వయసు ఉన్న ముగ్గురి దగ్గర కూర్చోండి. హద్దులు అడగండి. ఏ బండ, ఏ వాగు మలుపు, ఏ చెట్టు. ఫోన్లో రికార్డు చేయండి. పెద్దల మాటను రాతలో పెడితే అది సాక్ష్యమని అటవీ హక్కుల నియమాల్లోనే ఉంది. బావులు, సమాధులు, పూజ చేసే చోట్లు కూడా సాక్ష్యమే.

రెండో పని, వాళ్లతో కలిసి హద్దు వెంట నడవండి. ఫోన్లో జీపీఎస్ ఉంది, రీల్స్ చూడటానికే కాదు. ప్రతి చోట పాయింటు పెట్టి, మన భాషలో దాని పేరు రాయండి. ఆడవాళ్లను తప్పక తీసుకుపోండి. కూర దొరికే చోటు, కట్టె దొరికే చోటు, ఇప్పపువ్వు రాలే చోటు మగవాళ్లకు సగం కూడా తెలియవు.

మూడో పని, పక్క ఊరిని పిలవండి. హద్దు దగ్గర గొడవ ఉంటే రాయ్ సెంటర్‌లో కూర్చుని తేల్చుకోండి. మన గొడవ మనం తేల్చుకోకపోతే మూడోవాడు వచ్చి తేలుస్తాడు.

నాలుగో పని, గ్రామసభ పెట్టండి. సగం మందికి తగ్గకుండా రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. పటం గోడకు పెట్టి అందరికీ చూపించండి. తర్వాత ఫారం సీ నింపి, తీర్మానం జతచేసి సబ్ డివిజన్ కమిటీకి ఇవ్వండి. రసీదు లేకుండా కదలకండి. ఒక కాపీ ఊళ్లో ఉంచండి.

ఐదో పని అన్నిటికంటే కష్టం. హక్కు వస్తే కాపలా కూడా మనదే. ఎండాకాలంలో నిప్పు పెట్టేది ఎవరు, వేటకు కరెంటు తీగ పెట్టేది ఎవరు, రాత్రిపూట టేకు దుంగ బండికెత్తేది ఎవరు, మనకు తెలుసు. మన తమ్ముడే అయినా గ్రామసభలో నిలబెట్టి అడిగే ధైర్యం ఉంటేనే "మావ నాటే మావ రాజ్" అనండి.

దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. నాలుగు ఆదివారాలు కావాలి, కాళ్లకు చెప్పులు కావాలి, పెద్దలంటే ఓపిక కావాలి. రేపు ఏ ఆఫీసు నుంచైనా కొత్త గీతతో పటం వస్తే, దాని పక్కన పెట్టడానికి మన పటం ఉండాలి. అప్పుడు మాట్లాడేది రెండు పటాలు. ఇప్పుడు ఒకవైపు పటం ఉంది, ఇంకోవైపు మన అరుపు ఉంది.

మా బాపు పోయి ఆరేళ్లయింది. ఆయనతో ఆ గైరాన్ హద్దు నేను ఒక్కసారి కూడా నడవలేదు. ఇప్పుడు మా అవ్వతో నడుస్తున్నాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు, కొద్ది దూరం పోగానే కూర్చుంటుంది. కూర్చున్న చోటల్లా ఒక పేరు చెబుతుంది, నేను రాసుకుంటాను. ఇప్పటికి ఇరవై మూడు పేర్లయ్యాయి. వాటిలో పదకొండు నేను ఎన్నడూ విననివి, నేను పుట్టి పెరిగిన ఊళ్లోనే.

ఆ పిల్ల గీసిన పటం మా హాస్టల్ వరండాలో అంటించాను. కింద ఇంకో కాగితం అతికించి పెంచాం, ఎందుకంటే ప్రతి పండుగ సెలవులకు ఇంటికి పోయి వచ్చినప్పుడల్లా ఆమె దాంట్లో ఇంకో నాలుగు చోట్లు రాస్తోంది. మీరు మా హాస్టల్‌కు వస్తే చూపిస్తాను. కానీ అంతకంటే ముందు మీ ఊరిది గీసి నాకు చూపించండి.

పొద్దు వంగింది, దూరం పోవాల్సినవాళ్లు ఉన్నారు.