బంతిని కాదు, చోటును కాయాలి

మన గోదావరి ఊళ్ళలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడితే బంతి ఎటు పోతే అందరూ అటే పరుగు! వెనక గోలు ఖాళీ.

పెద్ద జట్టులో చేరిన కుర్రాడు ముందు మానుకోవలసింది ఆ పరుగే. అక్కడ డిఫెండర్ కాచేది బంతిని కాదు, చోటును. పక్కవాడు ముందుకెళితే తను వెనక సర్దుకోవాలి. తల తిప్పి చూస్తుండాలి, కేకేసి చెబుతుండాలి.

మనకిది కొత్తేం కాదు. చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి ఒక్కడే పట్టబోతే ఏమవుతుందో తెలుసుగా? గొలుసంతా కలిసి కదలాలి.

మళ్ళీ ఫుట్‌బాల్‌కే వస్తే, హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ ఒకప్పుడు బడిపంతులు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన నడిపిన భారత జట్టు బంగారం గెలిచింది. ఫైనల్లో గోలు కొట్టిన జర్నైల్ సింగ్ అసలు డిఫెండర్; జట్టుకు కావలసిన చోట నిలిచాడు!

ఈ సాయంత్రం మీ పిల్లలకు చెప్పండి: బంతిని కాదు, చోటును కాయమని.