ప్రామాణిక పరీక్షలు – ద్వీపములలోని తెలుగు బాలలు



2017వ సంవత్సరము నవంబరు 13వ తేదీన దేశమందలి జిల్లాలన్నింటను కొన్ని పాఠశాలల నెంపికచేసి, 3, 5, 8 తరగతుల బాలబాలికలకు ఒకే తీరు పరీక్ష జరిపించిరి. దీనికి జాతీయ విద్యాసాధన సర్వే యని పేరు. సుమారు 22 లక్షలమంది పిల్లలు పాల్గొనిరి. 3, 5 తరగతుల వారికి 45 ప్రశ్నలు. ప్రతి ప్రశ్నక్రిందను నాలుగు జవాబులు. సరియైన దానిని గుర్తింపవలెను. ఇట్టి పరీక్షయే 2021 నవంబరు 12న మరల జరిగినది. 2024 డిసెంబరు 4న 'పరఖ్' అను సంస్థ ఆధ్వర్యమున 3, 6, 9 తరగతులకు జరిగినది. అండమాను నికోబారు దీవులును ఇందు చేరియున్నవి.

ఫలితములు వెలువడినపుడెల్ల తల్లిదండ్రులు ముందుగా అడుగునది ఒక్కటే: "మావాని బడికి ఎన్ని మార్కులు వచ్చినవి?" ఆ ప్రశ్నకు సర్వేయందు జవాబు లేదు. ఏ బాలునకుగాని, ఏ బడికిగాని విడివిడిగా మార్కులు ప్రకటింపరు. జిల్లాకు, రాష్ట్రమునకు, దేశమునకు సగటులు మాత్రమే ప్రకటింతురు. 2021లో గణితమున దేశపు సగటు 500కు గాను 3వ తరగతికి 306, 5వ తరగతికి 284, 8వ తరగతికి 255గా తేలినది. కోవిడు కాలమున బడులు మూతపడి, అప్పుడప్పుడే తెరువబడుచుండగా జరిగిన పరీక్ష యది. ఆ యంకెలను ఈ సంగతి మరువక చదువవలెను.

ద్వీపములలో సగటు అను మాటనే జాగ్రత్తగా వాడవలసియున్నది. దూరపు దీవిలో ఒక బడి యున్నదనియు, అందొక తరగతిలో ఆరుగురే పిల్లలున్నారనియు ఊహింపవచ్చును. ఐదుగురికి 45కు 30 చొప్పున వచ్చి, ఆరవవానికి 12 మాత్రమే వచ్చినచో సగటు 27. ఆనాడు ఆ ఆరవవాడు జ్వరముతో ఇంటనే యుండిపోయినచో సగటు 30! ముప్పదిమంది గల పట్టణపు తరగతిలో అట్టివాడొక్కడున్నను సగటు 29.4కు మించి దిగదు. ఒక్క జ్వరము చిన్నబడిని మంచిబడిగా మార్చివేయును. అందు ఉపాధ్యాయుని ప్రతిభ ఏమియు లేదు. నికోబారు జిల్లా జనాభా 2011లో 36,842. నాటి తూర్పుగోదావరి జిల్లా జనాభా 51 లక్షలకు పైబడినది. పట్టికలో మాత్రము రెండింటికిని చెరియొక వరుస.

ఆ 12 మార్కుల సంగతియు కొంత విచారింపదగినది. నాలుగు జవాబులలో ఒకదానిని కన్నులు మూసికొని గుర్తించుచు పోయినను 45కు సుమారు 11 వచ్చును. కావున 12 వచ్చిన బాలుడు పాఠములో పావువంతు నేర్చినాడనుట పొరపాటు. అతనికి లెక్కయే రాకపోయి యుండవచ్చును. లేదా, లెక్క వచ్చియు ప్రశ్న అర్థము కాకపోయి యుండవచ్చును. ఈ రెండింటిని మార్కు వేరుచేసి చూపజాలదు.

ఈ దీవులలోని తెలుగు కుటుంబములకు ముఖ్యమైన విషయ మిదియే. 2011 జనాభా లెక్కలలో ద్వీపవాసులు 3,80,581 మంది. అందు నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళము మాతృభాషలుగా గలవారు అంతకంటె అధికులు. వీరందరి బిడ్డలును ఒకే బల్లమీద కూర్చుందురు. తెలుగు బోధనభాషగా ప్రభుత్వ పాఠశాలలు నడచిన చరిత్రయు ఈ దీవులకు గలదు. ఐనను ఇంగ్లీషు, హిందీ మాధ్యమములలో చదువు తెలుగు పిల్లలు అనేకులు. సర్వే ప్రశ్నపత్రము బడిలోని బోధనభాషలోనే యుండును గాని ఇంటిభాషలో నుండదు.

శ్రీకాకుళపు తీరమునుండి వచ్చి స్థిరపడిన మత్స్యకారుని బిడ్డను "గంపలో 52 కానాగంతలుండగా 17 అమ్మితిమి, ఎన్ని మిగిలినవి?" యని అడిగినచో, వేళ్లు మడువకయే 35 అనగలదు. అదే ప్రశ్న ఇంగ్లీషున అచ్చుపడినపుడు చివర "హౌ మెనీ ఆర్ లెఫ్ట్" అని యుండును. డ్రిల్లులో 'లెఫ్ట్, రైట్' అని అడుగులు వేసిన బిడ్డకు లెఫ్ట్ అనగా ఎడమ. ఎడమప్రక్క నెన్ని చేపలున్నవో ఆ బిడ్డ యెట్లు చెప్పగలదు? తీసివేత రాదని కాగితము చెప్పును. కాగితము చెప్పినది నిజము కాదు.

పరీక్షలను కల్పించినవారు ఈ చిక్కును ఎరుగనివారు కారు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే తన పరీక్షను సిద్ధము చేసినది వెనుకబడిన పిల్లలను గుర్తించి ప్రత్యేకముగ బోధించుటకే. ఆ పరీక్షను 1929లో లాహోరు కళాశాల అధ్యాపకుడగు హెర్బర్ట్ రైస్ హిందుస్తానీలోనికి తెచ్చినపుడు కేవలము అనువదింపలేదు. ఈ దేశపు బిడ్డలకు తగినట్లు మార్చి కూర్చెను.

పరీక్ష మార్కులకు డబ్బు ముడిపెట్టిన కాలమును లేకపోలేదు. 1862 నుండి ఇంగ్లండులోను, అదే శతాబ్దమున మద్రాసు రాజధానిలోను, ఇన్స్పెక్టరు ఎదుట పిల్లలు ఉత్తీర్ణులైనదానినిబట్టి బడికి గ్రాంటు నిచ్చిరి. ఇంగ్లండులో వాచకమును తలక్రిందులుగా పట్టుకొనియు అప్పజెప్పు పిల్లలు తయారైరని నాటివారు ఆక్షేపించిరి. ఐతే దీనినిబట్టి పరీక్షలన్నియు నిందార్హములనుట తొందరపాటు. 2005 మొదలు కొన్నేండ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 5 జిల్లాలయందలి 500 ప్రభుత్వ గ్రామీణ పాఠశాలలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశోధన జరిపిరి. కొన్ని బడులలో పిల్లల ప్రగతినిబట్టి ఉపాధ్యాయులకు బోనసు నిచ్చిరి. రెండేండ్లకు ఆ బడుల పిల్లలు గణితమున, భాషలో మాత్రమేగాక, బోనసుతో సంబంధము లేని శాస్త్ర, సాంఘిక పాఠములలోను ముందంజ వేసిరి. కంఠస్థముచేసి వ్రాయదగిన ప్రశ్నలతోబాటు, అర్థము చేసికొన్నగాని వ్రాయరాని ప్రశ్నలను గూడ కూర్చియుంచిరి. ప్రశ్న కూర్చుటలోనే సగము పని యున్నది.

ఇంతవరకు చెప్పిన సర్వే వలన ఏ బిడ్డకును నష్టము లేదు. 5, 8 తరగతుల వార్షిక పరీక్ష అట్టిది కాదు. 2010 మొదలు ఎనిమిదవ తరగతివరకు ఎవ్వరిని నిలిపివేయరాదను నియమముండెను. 2019లో చట్టము సడలినది. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వము నిబంధనలను సవరించినది. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంత మగుటచే ద్వీపపాలకుల బడులు ఇందుకు లోబడియున్నవి. వార్షిక పరీక్షలో తప్పిన బిడ్డకు అదనపు బోధన నిచ్చి, ఫలితములు వెలువడిన రెండు నెలలలో మరల పరీక్షింతురు. అప్పుడును తప్పినచో అదే తరగతిలో నుంతురు. ప్రాథమికోన్నత విద్య ముగియువరకు బడినుండి మాత్రము వెడలగొట్టరాదు. తరగతి ఉపాధ్యాయుడు బిడ్డకేగాక తల్లిదండ్రులకును మార్గము చూపవలెనని నిబంధనలలోనే యున్నది.

ఆ రెండు నెలలు మిగుల విలువగలవి. ట్యూషను మాష్టరును వెదకుటకు ముందు ఇంటిలో ఒక పని చేయవచ్చును. బిడ్డ తప్పిన ప్రశ్నలలో పది తీసికొని, తండ్రిగాని, అమ్మమ్మగాని వానిని తెలుగున నోటితో అడుగవలెను. తరువాత అవే ప్రశ్నలను అచ్చుకాగితముమీద బిడ్డచేతనే చదివింపవలెను. నోటితో ఏడెనిమిది చెప్పి, కాగితముమీద రెండుమూడే చేసినచో ఆ రెండు పట్టీలను తీసికొనిపోయి ఉపాధ్యాయునికి చూపవలెను. ఆ బిడ్డకు కావలసినది ఇంగ్లీషు మాటలు, ఎక్కములు కావు. రెండింటను తప్పినచో తీసివేతలు మొదటినుండి చెప్పించవలెను. రెండు పట్టీలను ఎదుట నుంచినచో ఉపాధ్యాయునికిని ఆ రెండు నెలలలో ఏమి చెప్పవలెనో తెలియును.