ఉద్యోగవ్యవహారములయందు లేఖారచన



విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థివసతిగృహములను గూర్చియు పెద్దలు సెలవిచ్చిన పిమ్మట మేము జాబు వ్రాయుటను గూర్చి ప్రసంగించుట కొందఱికి స్వల్పవిషయముగ దోపవచ్చును. కాని విచారించి చూడుడు. మన పూర్వులలో పెక్కండ్రు కచేరీవాకిట అర్జీలు వ్రాయువారి నాశ్రయించి, తమ కష్టమును పరుల చేతివ్రాతతో విన్నవించుకొనిరి. వ్రాసినవాడేమి వ్రాసెనో వ్రేలిముద్ర వేసినవానికి దెలియదు. ఆ దుస్థితినుండి మనలను దప్పించుటకే దాతలు పాఠశాలలకును, వసతిగృహములకును ధనమిచ్చిరి. నేడు మన యువతీయువకులు బ్యాంకులందును, సర్కారు కచేరీలందును, హైదరాబాదు కంప్యూటరు సంస్థలందును, సముద్రముల కావలను ఉద్యోగములు సేయుచున్నారు. అయినను పట్టము పుచ్చుకొన్నవారు సైతము తమకు న్యాయముగ రావలసినదానిని నాలుగు వాక్యములలో అడుగజాలక నష్టపడుట మనము చూచుచునే యున్నాము.

ఈ విద్య క్రొత్తది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున రాజశాసనముల వ్రాతను గూర్చి యొక అధ్యాయమే కలదు. చిరకాలము మఱుగుపడియున్న యీ గ్రంథమును మైసూరున శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిరి. అందు లేఖకు ఆఱు గుణములు చెప్పబడినవి. ప్రధానవిషయమును ముందు నిలిపి వరుసగ జెప్పుట అర్థక్రమము. తుదిదాక పూర్వాపరములు పొందికగ నుండుట సంబంధము. విషయమునకుగాని మాటకుగాని కొఱతయు అధికమును లేకుండుట పరిపూర్ణత. సులువుగ బోధపడు ఇంపైన మాట మాధుర్యము. గ్రామ్యము గాని మాట ఔదార్యము. ఎల్లరెఱిగిన మాట స్పష్టత్వము. దోషములైదు: వ్రాత వికారముగ నుండుట, ముందుమాటను వెనుకమాట ఖండించుట, చెప్పినదే చెప్పుట, వ్యాకరణము తప్పుట, సంప్లవము. సంప్లవమనగా విడదీయవలసినచోట విడదీయక, కూడనిచోట విడదీయుట. ఈ-మెయిలునంతయు నొక్క పేరాగ్రాఫుగ గ్రుమ్మరించువారు నేటికిని ఈ దోషమునకే పాల్పడుచున్నారు.

ఒక యుదాహరణము చూతము. ఒక గుమాస్తాకు ఇంక్రిమెంటు మంజూరైనను జీతములో జేరలేదనుకొందము. అతడు తన కుటుంబభారమును, తాను చేసిన సేవను, పైయధికారి దయాహృదయమును పుటనిండ వర్ణించి, కడపట “తగిన చర్య తీసికొనగోరెదను” అని ముగించును. ఏ చర్య? ఏ నెల? ఏ ఉత్తరువు? చదువువానికి దోపదు. కాగితము బీరువాలో బండుకొనును. అతడే ఇట్లు వ్రాసెననుకొనుడు: “జూలై 1వ తేదీనుండి నాకు ఇంక్రిమెంటు మంజూరైనది. ఉత్తరువు నకలు జతపఱచితిని. జూలై, ఆగస్టు జీతములలో ఆ మొత్తము చేరలేదు. సెప్టెంబరు బిల్లులో బకాయితో గూడ నిప్పింపగోరెదను.” ఇందు గౌరవమునకు లోపము రాలేదు. అధికారి చేయవలసిన పని మాత్రము కంటికి గట్టినట్లున్నది.

మేము నొక్కి చెప్పదలచిన మాట యిదియే: వినయము వేఱు, దైన్యము వేఱు. న్యాయమైన హక్కును భిక్షగ నడుగువాని జాబును చదువరి భిక్షుకుని మొఱగనే యెంచును. దైన్యమువలెనే కోపమును కార్యభంగకారి. కోపము వచ్చిననాడు వ్రాసిన జాబును మఱునాడు చదివికాని పంపరాదు. తపాలాపెట్టెదాక నడచునంతలో మనసు మార్చుకొనవచ్చును. ఈ-మెయిలో మీట నొక్కిన క్షణముననే చేరిపోవును. పదుగురికి నకళ్లు పంపుటకు ముందు, వారిలో నెవ్వరికి అవసరమో యోచింపవలయును.

భాషను గూర్చి యొక్కమాట. 1966లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున తెలుగును అధికారభాషగ జేయు చట్టము వెలువడినది. కావున సర్కారు కచేరీకి తెలుగున వ్రాయుట చిన్నతనము గాదు. ఇంగ్లీషున వ్రాయవలసినచోట చిన్న వాక్యములు, తెలిసిన మాటలు చాలును. అరువు తెచ్చుకొన్న పెద్దమాట స్పష్టత్వమును జెఱచును. ప్రతి జాబునకు తేదీ యుండవలయును, పూర్వపు జాబు సంఖ్యను దెలుపవలయును, నకలు దాచుకొనవలయును. నకలు లేని జాబు సాక్షి లేని వ్యవహారము వంటిది.

తుదకు పెద్దలకును, దాతలకును ఒక విన్నపము. ప్రతి శాఖాసంఘమును నెలకొక సాయంకాలము, ఉద్యోగానుభవముగల పెద్దలచే మన పిల్లల జాబులను దిద్దించు నేర్పాటు చేయవలయును. ఇందులకు భవనములక్కఱలేదు, ఒక బల్ల, కొన్ని కాగితములు, దిద్దువారికి ఓర్పు నున్న జాలును. వ్రేలిముద్ర వేసినవారి మనుమలు తమ మాటను తామే తలయెత్తి వ్రాయగలిగిననాడు, పెద్దలు వెచ్చించిన ధనము సార్థకమగును.